మూత తీసినా ఆగనిది

తొమ్మిదో భాగం

షట్టరు నేలను తాకిన చప్పుడు దగ్గర మనం ఇస్త్రీ అక్కను విడిచి వచ్చాం. ఆ చప్పుడు ఇంకా అణగలేదు. రెండు వరుసల పాత యంత్రాల మధ్య, రేకుల గోడలకు తగిలి తిరిగి వస్తూనే ఉంది.

ఆమె అక్కడికి పోట్లాటకు రాలేదు. హోటలు లాండ్రీలో బట్టలు ఉతికే యంత్రం ఆమె తమ్ముడి కుడిచేతిని మోచేతి దాకా తినేసి నలభై రోజులయింది. చెయ్యి పెట్టినవాడిదే తప్పని హోటలు యజమాని తేల్చేశాడు; ఏదో కొంత ముట్టజెప్పి గడప దాటించాడు. ఆ సొమ్ముతో ఇంట్లో ఒక వాషింగ్ మెషీను పెట్టుకుని, వీధి చివరి లాడ్జి దుప్పట్లు ఉతికి ఇస్తానని అక్క మాట ఇచ్చింది. తెల్లవారితే మొదటి మూట వస్తుంది. కొత్త యంత్రానికి ఆ సొమ్ము చాలదు కనుక పాతదే కొనాలి. పాతదైనా నమ్మదగినది కావాలి. రేపటి నుంచి దాని ముందు నిలబడేది తమ్ముడు. అతనికి మిగిలింది ఒక్క చెయ్యి.

పొద్దుటి నుంచి ఆమె నాలుగు కొట్లు తిరిగింది. యంత్రం కొనడానికి ఆమెకు తెలిసిన శాస్త్రం చిన్నది, కానీ గట్టిది. డ్రమ్ము అంచు కింద వేళ్లు పెట్టి పైకి ఎత్తిచూడాలి. అది కదిలితే బేరింగు చచ్చిందన్నమాట. చేత్తో తిప్పి చెవి ఆనించాలి; ఇసుక నమిలినట్టు వినబడితే వదిలెయ్యాలి. అడుగున తుప్పునీళ్ల చారలు ఉన్నాయేమో వంగి చూడాలి. చివరగా, యంత్రం తిరుగుతూ ఉండగా మూత ఎత్తాలి. మూత లేస్తే డ్రమ్ము ఆగితీరాలి.

ఈ అయిదో కొట్టులో మొదటి యంత్రం ఆగలేదు. రెండోదీ ఆగలేదు. మూడోదాని మూత ఎత్తేసరికి, బేరానికి వచ్చిన కొత్త దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని జారుకున్నారు. వాళ్ల వెనకే షట్టరు దిగింది.

"కూర్చో తల్లీ," అన్నాడు కొట్టు యజమాని. "ఎండన పడి వచ్చినట్టున్నావు. మంచినీళ్లు తాగుతావా?"

అతన్ని అందరూ మెత్తనయ్య అంటారు. గొంతు ఎన్నడూ పెంచడు కనుక ఆ పేరు వచ్చింది. చెయ్యి ఎత్తితే మాత్రం ఊరికే దించడని తెలిసినవాళ్లు ఆ పేరును నవ్వకుండా పలుకుతారు.

"నీళ్లొద్దు. షట్టరెందుకు దించారు?"

"దుమ్ము."

"దుమ్ము లోపలే ఉందిగా అయ్యా."

షట్టరు దగ్గర నిలబడిన గున్న నవ్వబోయి, యజమాని మొహం చూసి ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. యంత్రాలను వీపు మీద మోసి మెట్లెక్కించే పని అతనిది. ఏనుగుగున్నంత మనిషి, ఆలోచన కూడా దాదాపు దాని నడకలాగే నిదానం.

"నాకు మూత ఎత్తితే ఆగేది కావాలి," అంది అక్క. "సొట్టలున్నా పర్లేదు. రంగు పోయినా పర్లేదు. చప్పుడు కాస్త ఎక్కువైనా సర్దుకుంటాను. ఆగాలి, అంతే."

"ఉతకడానికి కొంటున్నావా, ఆపడానికి కొంటున్నావా?"

"ఆగదని తెలిసిన బండి మీరు ఎక్కుతారా?"

మెత్తనయ్య చిన్నగా నవ్వాడు. "పాత యంత్రాల్లో ముందు పోయేది ఆ మూత స్విచ్చే తల్లీ. అది పోతే యంత్రం కదలదు. కొత్త స్విచ్చి దొరకదు, దొరికినా గిట్టదు. అందుకని ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి కలిపేస్తాం. యంత్రం గుర్రంలా పరిగెత్తుతుంది. కొనేవాళ్లు బట్టలు తెల్లగా వస్తాయా అని అడుగుతారు. మూత తీస్తే ఏమవుతుందని అడిగినదానివి నువ్వొక్కదానివే."

"అడగనివాడి చెయ్యి పోయింది."

ఆ మాటకు అతని మొహంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది గానీ, దాని వెనక మనిషి మారాడు. ఆమె మొహాన్ని కళ్లతో కొలిచాడు. ముక్కు, గడ్డం, నుదుటి ఎత్తు.

"ఓహో," అన్నాడు. "నువ్వు వాడి అక్కవా. అదీ సంగతి. అంటే యంత్రం కొనడానికి రాలేదు. ఊరంతా తిరిగి నా కొట్టు గురించి చెప్పడానికి వచ్చావు."

"మీ కొట్టుకీ మా వాడికీ ఏంటి సంబంధం?"

మెత్తనయ్య తల తిప్పకుండానే, అంతే మెత్తగా, "గున్నా," అన్నాడు, "అక్కగారికి యంత్రం ఎలా తిరుగుతుందో దగ్గరనుంచి చూడాలనుందట. చూపించు."

గున్న రెండంగల్లో వచ్చి ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. అతని పిడికిలిలో అది చీపురుపుల్లలా ఇమిడిపోయింది. మూడో యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది, మూత బార్లా తెరిచే ఉంది. లోపల తడిగుడ్డలు గోడకు కరుచుకుని ఒక బూడిదరంగు వలయంలా కనబడుతున్నాయి. ఆ వేగంలో అవి గుడ్డలంటే కన్ను ఒప్పుకోదు. అతను ఆమె చేతిని ఆ వలయం మీదికి వంచాడు. జానెడు దూరం. బెత్తెడు. వేళ్లకు ముందు గాలి తగిలింది, తరువాత తడి తగిలింది. ఆపైన ఏ గుడ్డ అంచో చూపుడువేలి గోటిని కొక్కెంలా పట్టుకుని, కుదుళ్లతో సహా ఊడదీసుకుని పోయింది.

ఆమె అరవలేదు. అరవడానికి ఊపిరి కావాలి. ఉన్న ఊపిరంతా ఎడమభుజంలోకి దిగిపోయింది. ఇరవై ఏళ్లపాటు బొగ్గుల ఇస్త్రీ పెట్టెను ఈ చేత్తోనూ ఆ చేత్తోనూ మార్చి మార్చి నడిపిన భుజం అది. పక్క యంత్రం మీద సోడాపొడి డబ్బా ఒకటి ఉంది. దాన్ని అందుకుని, గున్న మొహం మీద బలంకొద్దీ కొట్టింది. డబ్బా మూత ఎగిరిపోయింది. పొడి అతని కళ్లలోనూ ముక్కులోనూ నిండింది.

గున్న పెట్టిన కేకకు పైకప్పు రేకు మీద పావురాలు లేచిపోయాయి. అతను పట్టు వదిలాడు. ఆమె వదల్లేదు. జుట్టు దొరకబుచ్చుకుని, వంగిన ఆ పెద్ద తలను యంత్రం అంచుకేసి కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడోసారికి అవసరం లేకపోయింది. గున్న కళ్లు నలుపుకుంటూ, నుదుటి నెత్తురు, సోడాపొడి కలిసిన ముద్దను మొహమంతా పులుముకుంటూ, మురుగు కాలవ పక్కన చతికిలబడ్డాడు.

ఆమె ప్లగ్గు వైపు తిరిగేలోగా వీపు మీద నిప్పు గీత పడింది. మెత్తనయ్య గోడకు వేలాడే మోటారు బెల్టుల్లోంచి ఒకటి తీసుకున్నాడు. రెండో దెబ్బ చెవినీ చెంపనూ కలిపి చీరింది. ఆమె మోకాళ్ల మీద పడింది.

"బేరం," అన్నాడు, దెబ్బకు ఒక మాట చొప్పున. "నచ్చకపోతే. పోవాలి గానీ. కొట్టులో కొట్లాట. పెట్టొచ్చా. తల్లీ."

గొంతు ఇప్పటికీ పెరగలేదు. రబ్బరు గాలిని కోసే చప్పుడు మాత్రం ప్రతి మాటకూ ముందే వినబడుతోంది. ఆ చప్పుడును బట్టి ఆమె లెక్క కట్టుకుంది. తరువాతి దెబ్బ దిగే వేళకు ముంజేతిని అడ్డం పెట్టి, బెల్టు చుట్టుకోగానే మెలిపెట్టి లాగింది. అతను తూలి ముందుకు పడబోయాడు. ఆమె రెండో చెయ్యి బల్ల కింద ఏది దొరికితే అది అని వెతికింది. ఒక రేకుపెట్టె తగిలింది. అందులో మూరెడు పానా ఒకటి చేతికి వచ్చింది. దాన్ని అడ్డంగా, నేలబారుగా తిప్పి కొట్టింది. అది మెత్తనయ్య మోకాటి చిప్పను తాకినప్పుడు ఎండు కొబ్బరికాయ పగిలినట్టయింది. అతను కూలిపోయాడు. పడుతున్నవాడి భుజం మీద మరొకటి వేసింది. అప్పుడు మాత్రం మెత్తనయ్య గొంతు పెరిగింది. బహుశా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

ఆమె పానా మళ్లీ ఎత్తి, ఆగిపోయింది. అరచేతిలో ఏదో తెలిసినట్టుంది. ఇనుము స్పర్శ కాదది, గుడ్డ స్పర్శ. పానా పిడికి నీలం గుడ్డ చుట్టి, దగ్గర దగ్గరగా కుట్టు వేసి ఉంది. చెమటకు జారుతోందని తమ్ముడు అంటే, చిరిగిన దిండుగలీబు కోసి, తన చేత్తో కుట్టిన కుట్టు అది.

"ఈ పెట్టె మా వాడిది." ఆమె రేకుపెట్టెను బల్ల కిందినుంచి బయటికి లాగింది. "ఇక్కడెందుకుంది?"

మెత్తనయ్య మోకాలు రెండు చేతులా పట్టుకుని, పళ్ల సందున గాలి పీలుస్తూ ఆమెను చూశాడు. నొప్పిలోనూ అతనికి ఒక సుఖం దొరికింది.

"చెప్పలేదా నీకు? రెండేళ్లు నా దగ్గర పనిచేశాడమ్మా నీ తమ్ముడు. హోటల్లో పని దిగి, ఇటొచ్చి రిపేర్లు చేసేవాడు."

"అబద్ధం."

"ఆ కరెంటు ఇస్త్రీ పెట్టె తెచ్చి ఇచ్చాడే నీకు, ఎక్కడిదనుకున్నావు? హోటలువాడు బహుమానం ఇచ్చాడని చెప్పాడా?"

సరిగ్గా అలాగే చెప్పాడు.

"నమ్మకపోతే విప్పి చూసుకో. పెట్టె నీ చేతిలోనే ఉందిగా."

ఆమె విప్పింది. నెత్తురు కారుతున్న వేలిని పక్కకు పెట్టి, తమ్ముడి స్క్రూడ్రైవరుతో మొదటి యంత్రం వెనక పలక ఊడదీసింది. లోపల బూజు, గట్టిపడిన సబ్బు, ఎలుక తెచ్చి దాచిన కాగితం ముక్కలు. మూత స్విచ్చికి పోవలసిన రెండు వైర్లను మధ్యలో తెంచి, ఒకదానికొకటి కలిపి, ఆ అతుకు మీద తెల్లదారం చుట్టి ముడి వేశారు.

మూడు మెలికలు, కొస లోపలికి, ఒక్క వేలితో లాగితే విడిపోయేట్టు. ఇస్త్రీ మూటలకు వాళ్లమ్మ వేసిన ముడి. అమ్మ పోయాక ఆ ముడి వేయడం తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు. ఆ ముడి తను వేయలేదు.

రెండో యంత్రం విప్పింది. తెల్లదారం. మూడోదాని ప్లగ్గు పీకి విప్పింది. తెల్లదారం.

"మొత్తం పద్దెనిమిది," అన్నాడు మెత్తనయ్య నేల మీంచి. "ఎంత పొందిగ్గా చేసేవాడో. గున్నగాడు కడితే గడ్డిమోపులా ఉంటుంది. వాడిది కళ."

"హోటలు యంత్రం?"

అడిగింది గానీ జవాబు వినాలని ఆమెకు లేదు.

"దాని స్విచ్చి పోయి ఒక పూట పని ఆగితే, హోటలువాడు మీద పడి అరిచాడట. మీ వాడు పావుగంటలో కలిపేశాడు. ఆ మర్నాడు నాతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా."

"తన చేత్తో కలిపినవాడికి, మూత తీసినా ఆగదని తెలియదా?"

"తలకు తెలుసు తల్లీ. చేతికి తెలియదు. మూత లేవగానే లోపలికి పోవడం పదేళ్లు నేర్చుకున్న చెయ్యి. తల చెప్పేదాకా అది ఆగుతుందా?"

నలభై రోజులు. ప్రతి పొద్దూ ఆమె హోటలు గేటు ముందు నిలబడి, నోటికొచ్చిన శాపనార్థాలన్నీ యజమాని మీద కుమ్మరించి వచ్చింది. ఇంటికి వచ్చి అవే మాటలు తమ్ముడికి మళ్లీ చెప్పేది, అతనికి ఊరటగా ఉంటుందని. అతను గోడ వైపు తిరిగి పడుకుని వినేవాడు. నొప్పి అనుకుంది. ఒక్కరోజు కూడా ఔనని గానీ కాదని గానీ అనలేదేమని ఆమె అడగలేదు.

ఆమె లేచింది. పానాను రెండు చేతులా పట్టుకుంది. మొదటి యంత్రం మీటల పలక మీద ఒక్క దెబ్బ వేసింది. ప్లాస్టిక్కు పెళ్లలుగా లేచింది. రెండో దెబ్బకు మూత చీలింది, మూడో దెబ్బకు డ్రమ్ము ఇరుసు నుంచి ఒరిగింది. రెండో యంత్రం దగ్గరికి నడిచింది. ప్లాస్టిక్కు ముక్కలు చేతికి గుచ్చుకుంటున్నా, గోరు ఊడిన వేలు ప్రతి దెబ్బకూ ఒళ్లంతా జివ్వుమనిపిస్తున్నా, ఆమె వాటి పని ముగించేదాకా ఆగలేదు. ఎవరి మీద కోపమో తేల్చుకోలేని మనిషి కొట్టే దెబ్బలవి. వాటికి గురి అక్కర్లేదు. మూడోది పూర్తయ్యేసరికి ఆ మూడింటినీ ఇనపసామానువాడు కూడా బేరమాడి గానీ కొనడు.

"నా సరుకు," అన్నాడు మెత్తనయ్య, ఏడుపుకీ బెదిరింపుకీ మధ్య. "పోలీసులకి చెబుతాను."

"చెప్పు. ముందు వాళ్లకి ఈ వైర్లు చూపిస్తాను." ఆమె చెంప మీది నెత్తురును భుజానికి తుడుచుకుంది. "ఇప్పుడు విను. నాకు యంత్రం కావాలి. మావాడు ముట్టనిది, ఈ ముడి లేనిది. అది ఇవ్వు, నా డబ్బు తీసుకో, పోతాను."

మెత్తనయ్య ఆమె వంక వింతగా చూశాడు. తరువాత నవ్వాడు. నవ్వితే భుజం నొప్పి పుట్టి, మధ్యలో ఆగి, మళ్లీ నవ్వాడు.

"అక్కాతమ్ముళ్లు ఒక్క గుడ్డ ముక్కలే. పొద్దున వాడూ ఇదే మాట అన్నాడు."

"పొద్దున?"

"నువ్వు రావడానికి రెండు గంటల ముందు. ఆ పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. చెయ్యి లేనివాడికి పనిముట్లెందుకు, ఇవి ఉంచుకుని ఒక యంత్రం ఇవ్వండి, మా అక్క కొట్ల చుట్టూ తిరుగుతోంది, తను వచ్చేసరికి ఇంట్లో ఉండాలి అన్నాడు. సరేనన్నాను. ఎన్నో చూశాడు. ఒక్కోదాని వెనక సందులోకి వేళ్లు పోనిచ్చి తడిమాడు. దారం తగిలిందల్లా వద్దన్నాడు. ఆఖరికి మూలనున్న తెల్లది తడిమి, దీనికి ముడి లేదు, దీన్ని నేను ముట్టలేదు, ఇదే కావాలన్నాడు. తిప్పి చూసుకోరా అన్నాను. అక్కర్లేదన్నాడు. గున్న వెళ్లి మీ ఇంట్లో దింపి వచ్చాడు."

ఆమె ఒళ్లంతా ఒక్కసారి సడలింది. పానా ఆసరాగా విరిగిన యంత్రానికి ఒరిగింది. నెత్తురు, చీలిన చెంప, ఈ కొట్లాట అంతా దండగ. యంత్రం ఇంట్లోనే ఉంది. తన తప్పు ఎక్కడెక్కడ ఉందో వేళ్లతో తడిమి, అది లేనిదాన్ని ఏరుకున్నాడు పిచ్చివెధవ. అంతకంటే నమ్మదగిన యంత్రం ఏ కొట్టులో దొరుకుతుంది? ఇంటికి పోయి ముందు నాలుగు తగిలించి, తరువాత దగ్గరికి తీసుకోవాలి.

మురుగు కాలవ దగ్గర గున్న కుళాయి కింద మొహం పెట్టి కళ్లు కడుక్కుంటున్నాడు. అక్కడి నుంచే, నీళ్లు ఉమ్ముతూ అన్నాడు:

"ఆ తెల్లదా అయ్యగారూ? దానికీ కలిపాం కదా. పోయిన వారం మీరే చెప్తే, నేనే కలిపాను. దారం లేదని నల్ల టేపు చుట్టాను, కింద మోటారు దగ్గర."

"నోరు ముయ్యరా," అన్నాడు మెత్తనయ్య.

కొట్టులో ఇంక ఏ యంత్రమూ తిరగడం లేదు. కుళాయి నీళ్లు సిమెంటు మీద పడుతున్న చప్పుడు ఒక్కటే ఉంది.

ఆమె నడుముకు దోపుకున్న సంచిలోంచి ఫోను లాగింది. నెత్తుటి వేలికి అద్దం పలకలేదు. బట్టకేసి తుడిచి మళ్లీ నొక్కింది. మోగింది. ఆగింది. మళ్లీ చేసింది. ఆరోసారి మోగుతుండగా తమ్ముడు ఎత్తాడు. అతని గొంతు కంటే ముందు, దాని వెనక ఉన్న మోత ఆమె చెవిలో పడింది: వేగంగా తిరుగుతున్న బరువు, దాని మధ్య దబ్, దబ్, దబ్ అని దేన్నో గుద్దుతున్న చప్పుడు.

"అక్కా! ఎక్కడున్నావు? ఇంక ఏ కొట్టూ తిరక్కు, వచ్చెయ్. నీకొకటి చూపించాలి!"

"ఒరేయ్, ప్లగ్గు పీకు! ముందు ప్లగ్గు పీకు!"

"ఏంటీ? ఒక్క ముక్క వినపడట్లేదు. దీని మోత ఇది. మన దుప్పట్లే వేసి చూస్తున్నా. రెండూ ఒకపక్క పోగైపోయాయి, పిచ్చెక్కినట్టు కొట్టుకుంటోంది."

"చెయ్యి పెట్టకు! దానికీ కలిపారురా! నాన్నా, చెయ్యి పెట్టకు!"

"అబ్బ, వినపడట్లేదంటే! ఉండు, మూత ఎత్తితే అదే ఆగుతుంది. దుప్పట్లు అటూ ఇటూ సర్దేసి మాట్లాడతా. ఫోను కింద పెట్టాలి మరి, ఉన్నది ఒక్క చెయ్యే కదక్కా!"

నవ్వాడు. నలభై రోజుల తరువాత అతను నవ్వడం అదే మొదలు.

ఫోను ఏ కిటికీ అంచు మీదో ఆనిన చప్పుడయింది. ఆమె అతన్ని పిలుస్తూనే ఉంది. గొంతు చీలిపోయేలా, ఎదుట ఉన్న ఇద్దరు మగవాళ్లూ నొప్పులు మరిచి తనవైపే చూస్తుండగా, చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలుస్తూనే ఉంది. అటునుంచి మూత కీలు కిర్రుమంది. ఆమె ఊపిరి బిగబట్టింది. మోత తగ్గడం కోసం చెవులు రిక్కించింది.

మోత పెరిగింది.